రెంటచింతల రాత్రి

వైశాఖము ప్రవేశించిన నాలుగవనాడు, గుంటూరునందలి మిత్రులు "ఈ ఎండల్లో పలనాడేమిటండీ!" అని ముక్కున వ్రేలు వేసికొనుచుండగా, నేను నరసరావుపేట బస్సెక్కితిని. వారి యాశ్చర్యము నిష్కారణమైనది కాదు. తెలుగు నేలపై గ్రీష్మమునకు ఒక రాజధానిని నిర్ణయింపవలసి వచ్చిన యెడల ఆ గౌరవము రెంటచింతలకు దక్కునని పత్రికలు చదువు పసివారికి సహితము తెలియును. వాతావరణశాఖవారి పరిశీలనాకేంద్రము ఆ యూర నుండుటచేత, వేసవి తలయెత్తినది మొదలు దాని పేరు డిగ్రీలతో జతపడి అచ్చగుచుండును. ఆ డిగ్రీలు 45ను దాటిన దినము ఆ యూరివారికి వార్తయే కాదు. నేను పోవుచున్నది ఆ యెండను చూచుటకే. ఇంకను నిక్కము చెప్పవలెనన్న, ఎండను గాదు, ఎండ గింజలోనికి ఎట్లు దిగునో చూచుటకు. భూమి వేడెక్కుచున్నదనియు, దానివలన ధాన్యపు దిగుబడులు తరుగుననియు గ్రంథములలో చదివినవాడనే గాని, ఆ తరుగుదల ఒక చేనిలో, ఒక కంకిలో, ఏ దినమున ఏ గడియలో జరుగునో కన్నులార చూచినవాడను గాను.

నరసరావుపేటలో దిగునప్పటికి ప్రొద్దు ఇంకను ఎనిమిది గంటలే యైనను, వీథులు మిట్టమధ్యాహ్నపు వీథులవలె నుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన పలనాడు జిల్లా యేర్పడి ఈ పట్టణము దానికి కేంద్రమైన పిదప కార్యాలయములు పెరిగినవి, బోర్డులు మారినవి. కోటప్పకొండ మాత్రము మునుపటివలెనే తన మూడు శిఖరములతో దూరమున నిలిచి యున్నది. ఈ క్రొత్త జిల్లా పొలిమేరలలో నాకొక వినోదము కానవచ్చెను. కొండవీడు ఇప్పుడు పలనాడు జిల్లాలోనిది. కొండవీటి రెడ్డిరాజుల కొలువున విద్యాధికారియై సన్నబియ్యపు టన్నమునకు అలవాటుపడిన శ్రీనాథుడు, పలనాటికి వచ్చినప్పుడు ఇచ్చటి రాళ్ళను, నీటి యెద్దడిని, పూటపూటకును తప్పని జొన్నకూటిని చాటువులలో ఎత్తిపొడిచెనని లోకమెరిగిన కథ. పాప మా మహాకవి నేడు బ్రతికి యుండి తన కొండవీటి చిరునామా వ్రాసికొనవలసివచ్చిన, క్రింది పంక్తిలో పలనాడని వ్రాయక తప్పకుండెడిది. ఆయన అతిథిగా వచ్చి నొచ్చుకొనెను. ఇచ్చటివారు ఆ జొన్నను రుచి యెరుగక తినలేదు, ఆ నేల, ఆ వాన, ఆ యెండ కలిసి మరియొక దానిని పండనీయకుండుటచేత తినిరి. నరసరావుపేట చెంతనే జొన్నలగడ్డ యను గ్రామము కలదు. ఊరికి ధాన్యముపేరు పెట్టుకొన్నవారు ఆ ధాన్యమును చులకనగా చూచియుండరని నా నమ్మకము.

కారెంపూడి పోవు త్రోవ పొడవునను రోడ్డుమీద సగభాగము మొక్కజొన్న గింజలదే. రెండుబారల వెడల్పున పసుపుపచ్చని పట్టి యొకటి మైళ్ళకొలది పరచి, దాని యంచున రాళ్ళు పేర్చి, ఆ రాళ్ళవలన ద్విచక్రవాహనములవారికి కలుగు ప్రమాదమును దైవమునకు వదలివేసి, రైతులు చెట్లనీడలలో కూర్చుండిరి. మిరపకల్లములు ఇంకను అక్కడక్కడ ఎఱ్ఱగా నుండెను. ఈ దృశ్యములో జొన్న ఎచ్చటను లేదు. ఒకటి రెండు దొడ్లలో చొప్పకుప్పలు మాత్రము, ఎవరో మరచిపోయిన బంధువులవలె, మూలల నిలిచియుండెను.

కారెంపూడి నాగులేటి యొడ్డున నున్నది. పన్నెండవ శతాబ్దమున సవతి యన్నదమ్ములు నలగామ మలిదేవులు ఒకరితో నొకరు పోరిన యుద్ధభూమి యిదియే. ఏటేట కార్తికమున వీరుల తిరునాళ్ళు జరుగును. ఆ కథ చెప్పుటకు వీరవిద్యావంతులు కలరు కావున నేను పూనుకొనను. నా పని వీరులగుడి కావల వేపచెట్టు క్రింద కూర్చున్న ఒక వృద్ధునితో నుండెను. ఎనుబదియేండ్లు దాటినవాడు, కన్నులు చురుకైనవి, మాట ఇంకను గట్టిది. నాగార్జునసాగరు నీళ్ళు రాకముందు ఏమి తినెడివారని అడిగితిని.

"జొన్నన్నం, గోంగూర పచ్చడి, ఇంత మజ్జిగ. ఇంకేం గావాలయ్యా? వరన్నం పండక్కేగా. దొడ్లో పాతర తీసి జొన్నలు పోసేవోళ్ళం, కరువొస్తే అదే దిక్కు."

"జొన్నకు ఈ ఎండ తట్టుకొనుట ఎట్లు తెలిసినది, పెద్దాయనా?"

"అదా? నీళ్ళు లేకపోతే ఆకు చుట్టచుట్టుకుని పడుకుంటది. నెల్లాళ్ళయినా అట్టనే ఉంటది, చావదు. ఓ జల్లు పడితే లేచి కూర్చుంటది. వరి అట్టా కాదు. వరి పసిబిడ్డ, ఏడుపు ఆపదు."

వృక్షశాస్త్రజ్ఞుడు చెప్పినను ఇంతకంటె ఎక్కువ చెప్పలేడు. కాకున్న, కారణములను జోడించును. జొన్న ఆకుమీద సన్నని మైనపు పూత యుండి లోని తేమను ఊరక పోనీయదు. వేరు లోతునకు దిగును. నీటి కొరత వచ్చినప్పుడు ఎదుగుదలను నిలిపి వేచియుండు నేర్పు దానికి కలదు. మరియు జొన్న, సజ్జ, మొక్కజొన్నల ఆకులలో బొగ్గుపులుసు వాయువును కూడబెట్టి హరితమునకు అందించు ఒక అదనపు ఏర్పాటు ఉండుటచేత, అవి వేడిలోను తక్కువ నీటితోను పిండిపదార్థమును తయారుచేయగలవు. వరికిని గోధుమకును ఆ యేర్పాటు లేదు. అయితే పెద్దాయన మాట విని జొన్నను చిరంజీవిగా భావించుటయు పొరపాటే. పూతవేళ మితిమీరిన వేడి తగిలిన జొన్నకంకియు బోలుపోవును. పాతరలున్నను కరవులు ఆగలేదు. 1832–33లో నందన సంవత్సరమున గుంటూరు మండలమున వచ్చిన కరవులో వానలే లేక జొన్నయు పండలేదు, పాతరలు ఒట్టిపోయినవి, మండలమున మూడవవంతు ప్రజలు నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. ఆ మహావిపత్తు కాటన్ దొరవంటివారి వాదములకు బలము చేకూర్చి, 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట నిలుచుటకు తోడ్పడినది. కాని ఆ నీరు పల్లమునకు, డెల్టాకు, పారినదే గాని మెట్టయైన పలనాటికి ఎక్కలేదు. కృష్ణ తమ ముంగిటనే పారుచుండ మరియొక నూరేండ్లకు పైగా ఇచ్చటివారు ఆకాశమువంక చూచుచు జొన్న చల్లిరి.

పెద్దాయన మనుమడు బోరు క్రింద అరయెకరమున ఇంటిబత్తెమునకని వరి వేసెను. కాలువ క్రింద రబీలో ఆరుతడి పంటలకే నీరిచ్చుట వాడుక గావున ఈ వేళకు ఆ ప్రాంతమున వరి కానవచ్చుట అరుదు. ఆలస్యముగా నాటిన ఆ చిన్నమడి, నా యదృష్టమున, అప్పుడే పూతలో నున్నది. ఉదయము పదిగంటల వేళ మేము గట్టుమీదికి చేరితిమి. వరికి పువ్వున్నదని పట్టణమువారిలో ఎందరికి తెలియునో నేనెరుగను. గింజ యనుకొన్న ఆ పచ్చని పొట్టు నిజమునకు మూసిన తలుపు; ప్రొద్దెక్కినవేళ అది నడిమికి విచ్చి, ఆరు సన్నని కేసరములు వెలికి వ్రేలాడి, వానిలోని తిత్తులు పగిలి, పుప్పొడి తన పువ్వులోనే యున్న కీలాగ్రముమీద రాలి, గంటసేపటిలో ఆ తలుపు మరల మూసికొనును. పుప్పొడికి ప్రాణముండునది కొన్ని నిమిషములే. ఆ గింజకు జీవితమున అది యొక్కటే ముహూర్తము. తప్పినచో రెండవది లేదు. 1978లో సతాకే, యోషిదా యను జపాను శాస్త్రజ్ఞు లిద్దరు ఫిలిప్పీన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో కుండీలలో వరి పెంచి పరీక్షించి, పువ్వు విచ్చు ఆ గంటలో వేడి 35 డిగ్రీలను దాటినయెడల తిత్తులు సరిగా పగులవనియు, పుప్పొడి చాలినంత రాలదనియు, అంతకుముందును అంతకుపిమ్మటను అదే వేడి తగిలిన అంతటి నష్టము లేదనియు చూపిరి. ఎండ యెంత యన్నది సగము ప్రశ్నయే. ఏ గడియలో నన్నది మిగిలిన సగము.

మనుమడు నాలుగు దినములక్రితము పూత ముగిసిన కంకి నొకదానిని త్రుంచి, ఒక్కొక్క గింజను బొటనవ్రేలి గోటితో నొక్కి చూపెను. కొన్నిట పాలు చిమ్మెను. కొన్ని పొట్టు పొట్టుగా నలిగి వ్రేలికంటి వచ్చెను. "తాలు" అని యొక్క మాట యనెను.

"ఇంత యెండలో, 40 దాటినచోట, అన్నియు తాలు కావలసినవి గదా, సగమైనను పాలెట్లు పోసికొన్నవి?" అని నేనడిగితిని.

అతడు నవ్వి నా చేతిని పట్టి మడి నడుమకు, కంకుల మధ్యకు, వంచెను. చల్లగా నుండెను. గట్టుమీది గాలికిని, మడిలోని గాలికిని బావి పైనున్నవానికిని లోనికి దిగినవానికిని ఉన్నంత భేదము. ఇది నేను పుస్తకములలో చదివిన సంగతియే. ఆస్ట్రేలియాలో రివరీనా యను మెట్టప్రాంతమున పొడిగాలిలో 40 డిగ్రీల యెండలోను వరి గింజకట్టుట చూచి శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడి కొలిచిచూడగా, పైరు తాను పీల్చిన నీటిని ఆవిరిగా విడుచుచు, తన కంకిని చుట్టుగాలికంటె ఎన్నో డిగ్రీలు చల్లగా నుంచుకొనుచున్నదని తేలినది. గాలిలో తేమ యెక్కువైనచోట ఆ చల్లదనము సాగదు. 2003లో చైనాయందు యాంగ్‌ట్సీ నదీతీరమున, తేమగాలి కదలక నిలిచిన వేసవిలో, వరిచేలు విస్తారముగా తాలుపోయినవి. పలనాటి పొడియెండ ఆ విధముగా వరికి శత్రువునే గాక ఒకింత మిత్రము కూడను. కాని ఆ మైత్రికి మూల్యము నీరు. నీరున్నంతకాలము వరి తన వేడిని దాచుకొనగలదు. బోరు ఆగిననాడు దాచుట యాగును. పెద్దాయన చెప్పిన ఏడుపు ఇదియే కాబోలు.

గురజాలను గూర్చి వ్రాయదగినది కొంచెమే. నలగామరాజు రాజధాని యనుటకు ఊరిలో బస్సుస్టాండు సందడి తప్ప మరి గుర్తు నాకు కానరాలేదు. రెండు సోడాలు త్రాగి బయలుదేరితిని.

రెంటచింతలలో నా పాతమిత్రుని కుమారుడు నాకు ఆతిథ్య మిచ్చెను. నలుబదియేండ్లవాడు, డిగ్రీ చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగముచేసి, తండ్రి పోయిన తరువాత సేద్యమునకు తిరిగివచ్చిన మనిషి. అతనికి ఒక మంచి యలవాటు కలదు: విత్తిన తేది, జల్లు వెలికివచ్చిన తేది, పీచు తొంగిచూచిన తేది, బస్తాల లెక్క, అన్నియు ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచును. ఆ పుస్తకము నాకు ఇతిహాసగ్రంథమువలె రుచించెను. ఈ సంవత్సరము అతడు ఒకే సంచిలోని మొక్కజొన్న విత్తనమును రెండు చేలలో వేసెను. ముందుచేను కార్తికమున పడినది. రెండవ చేనిలో ప్రత్తి తీయుట ఆలస్యమై, పుష్యమునకు గాని విత్తు పడలేదు. ముందుచేనికి జల్లు, పీచు సంక్రాంతి చలిలో వచ్చినవి. వెనుకచేనికి మార్చినెల యెండలో. వెనుకచేని దిగుబడి ముందుచేనికంటె నాలుగవవంతు తక్కువయని పుస్తకము చెప్పెను.

"ఎరువు అదే, మందు అదే, తడులు ఇంకో రెండెక్కువే ఇచ్చా బాబాయ్. పొత్తులు చూడండి" అని వరండాలో గుట్టనుండి రెండు తెచ్చెను. ఒకటి నిండినది. రెండవది పండ్లూడిన నోరువలె నడుమ ఖాళీలతో, కొనయందు గింజయే లేక, ఉన్న గింజలును చిన్నవై యుండెను.

ఈ రెండు లోపములకు రెండు కారణములు. మొక్కజొన్నలో మగపూత యగు జల్లు నెత్తిన, ఆడుపూత యగు పీచు నడుమున. పుప్పొడి గాలిలో దిగివచ్చి పీచుమీద పడవలెను. ప్రతి పీచుపోగు ఒక్కొక్క గింజకు దారి. ఎండయు నీటికొరతయు కూడినప్పుడు జల్లు వేళకు వచ్చును గాని పీచు వెనుకబడును. వచ్చుసరికి పుప్పొడి వేడిగాలిలో ఎండి నిస్సారమగును. దారి దొరకని గింజ ఖాళీగా మిగులును. ఇది మొదటి లోపము. రెండవది సూక్ష్మమైనది. పైరు దినములను మనవలె పంచాంగముతో లెక్కింపదు. వేడిని కూడికచేసి లెక్కించును. వేడి యెక్కువైన కూడిక త్వరగా నిండును, పైరు త్వరగా ముదురును, గింజలో పాలు నిండుటకు దొరకు దినములు తగ్గును. వంట పూర్తికాకముందే పొయ్యి యార్పిన యట్లు గింజ అరకొరగా గట్టిపడును. 2022 మార్చినెల, 1901 నుండి లెక్కలున్న కాలములో భారతదేశమున కెల్ల అత్యుష్ణమైన మార్చియై, ఉత్తరాదిని గోధుమ సరిగా పాలుపోసికొను వేళకు వచ్చిపడగా, గింజలు ముడుచుకొనిపోయి, ఆ యేడు మే 13న ప్రభుత్వము గోధుమ యెగుమతులను నిషేధింపవలసి వచ్చెను. పంజాబురైతు గోధుమకును ఈ వెనుకచేని పొత్తునకును జరిగినది ఒక్కటే.

ఆ రాత్రి డాబామీద పక్కలు వేసిరి. నా సంచిలో ఒక చిన్న ఉష్ణమాపకము తీసికొనిపోయి యుంటిని. పదిగంటలకు దానిని పిట్టగోడమీద పెట్టి చూడగా 34 డిగ్రీలు చూపెను. ఇంటి గోడలు, మెట్లు, గచ్చుపై పరచిన నాపరాళ్ళు పగలెల్ల మ్రింగిన యెండను ఇప్పుడు నిదానముగా నెమరువేయుచుండెను. పన్నెండు గంటలకు మరల చూచితిని. ఒక్క డిగ్రీ దిగినది. చుట్టుప్రక్కల డాబాలన్నిటిమీదను మనుష్యులు మేలుకొనియే యుండిరి. ఎవరో విసనకఱ్ఱ ఆడించుచుండిరి, పసిబిడ్డ యొకటి ఏడ్చుచుండెను.

"పగలు ఎండ మాకు కొత్తగాదు బాబాయ్. మా తాతలనాడూ ఉండేది. కానీ రాత్రి పదింటికల్లా నాగులేటి మీదనుంచి సల్లగాలి వచ్చేదంట. ఇప్పుడు రావట్లా. అదీ తేడా" అని నా ఆతిథేయుడు చీకటిలో అనెను.

అతడు తెలియకయే ఈ యాత్రకు మూలమైన మాట పలికెను. భూమి వేడెక్కుట యన్న మనకు కన్నులు చెదరు మధ్యాహ్నమే స్మరణకు వచ్చును గాని, భూమిని కప్పిన బొగ్గుపులుసు వాయువు, నీటియావిరి మొదలగునవి చేయు ముఖ్యమైన పని, పగటి వేడిని రాత్రివేళ ఆకాశమునకు తిరిగి పోనీయకుండుట. 1958లో హవాయిద్వీపమున మౌనాలోవా పర్వతముమీద కొలుచుట మొదలిడిన నాడు పదిలక్షల పాళ్ళ గాలిలో ఆ వాయువు 315 పాళ్ళుండెను. నేడు 420 దాటినది. ఆ దుప్పటి దళసరియగుకొలది, పెక్కుచోట్ల పగళ్ళకంటె రాత్రులు ఎక్కువ వేడెక్కుచున్నవి. మరి పైరునకు రాత్రి యన నేమి? పగలు ఆకు ఎండతో ఆర్జించును. రాత్రి ఆర్జన లేదు, వ్యయమే. ఊపిరి పీల్చుటకును దేహమును నిలుపుకొనుటకును పగటి సంపాదనలో కొంత కాల్చుకొనవలెను. రాత్రి ఎంత వేడియైన ఆ వ్యయ మంత పెరుగును. గింజలోనికి పోవలసినది గాలిలో కలిసిపోవును. ఫిలిప్పీన్సునందలి ఆ వరి సంస్థ పొలములలోనే 1992 నుండి 2003 వరకు పండిన పంటల లెక్కలను పెంగ్ మొదలగు శాస్త్రజ్ఞులు అచ్చటి వాతావరణ లెక్కలతో సరిపోల్చి, పైరుకాలపు రాత్రివేడి ఒక్క డిగ్రీ హెచ్చిన దిగుబడి పదింట ఒకవంతు తగ్గినదని 2004లో ప్రకటించిరి; ఆ పొలములలో పగటి యుష్ణోగ్రతతో దిగుబడికి అట్టి స్పష్టమైన సంబంధము కనబడలేదు. ఆ సంస్థలోనివారే మరికొందరు, ఇందులో సూర్యకాంతి తరుగుదలకును భాగ మున్నదని, అంతయు వేడిమీదనే మోపరాదని తరువాత వాదించిరి. వాదము న్యాయమైనదే. కాని 34 డిగ్రీల పక్కమీద వెల్లకిల పరుండి నక్షత్రములు చూచుచున్న నాకు ఆ రాత్రి పెంగ్ పక్షమే రుచించెనని ఒప్పుకొనక తప్పదు.

మరునాడు మాచర్లకు పోతిని. చెన్నకేశవుని సేవించి, గుడి చల్లని రాతినేలమీద ఒక గంట కూర్చుండి, ఎత్తిపోతల జలపాతము మీదుగా సాగరునకు సాగితిని. అచ్చటి చంద్రవంక వాగు ఆ వేళకు సన్నని వెండిపోగు మాత్రమే.

కుడిగట్టునుండి ఆనకట్టను చూచినవానికి నోట మాట రాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాడు దీనిని ఆధునిక దేవాలయముగా భావించిరి. ముక్త్యాలరాజావారు మొదలగువారు ఏండ్లతరబడి తిరిగి, వ్రాసి, వాదించి సాధించిన ప్రాజెక్టు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. జవహరు కాలువ యను ఆ కుడికాలువ నూటముప్పది మైళ్ళకు కొంచెము తక్కువగా, 203 కిలోమీటర్లు, పలనాటిమీదుగా ప్రకాశమువరకు పోవును. ఆ నీటితో జొన్నచేను వరిమడియైనది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి, కాలువ చేరని యిండ్లలోనికి సహితము వరిని చేర్చినది. పూట పూటకు జొన్న తినిన వారి మనుమలు జొన్నను వైద్యుడు చెప్పిన గాని తినరైరి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా జరిపినప్పుడు నేనొక పట్టణపు దుకాణమున అద్దపు డబ్బాలోని జొన్నలను మంచి బియ్యముకంటె ఎక్కువ ధరకు చూచితిని. కారెంపూడి పెద్దాయన విని యుండిన నమ్మియుండడు. నేనీ మార్పును నిందింపను. నందన కరవు తెలిసినవాడు ఆనకట్టను నిందింపలేడు. కాని చల్లనిమడి నడుమకు వంగినప్పుడు నాకు తోచినది ఇచ్చట మరల తోచెను: ఈ నీరు పలనాటికి అన్నము పెట్టుటయే గాక, అరువదియేండ్లుగా పలనాటి యెండను పలనాటినుండి దాచినది.

ఆ దాచుట యిప్పుడు సడలుచున్నది. జలాశయము పూర్తిమట్టము 590 అడుగులు. కృష్ణ యెగువన వానలు సరిగా పడి, అచ్చటి జలాశయములన్నియు నిండిన పిదపగాని ఇచ్చటికి నీరు రాదు. పలుమారు అది ఆగస్టు. 2023లో ఆగస్టునెల, 1901 తరువాత దేశమున మిక్కిలి వానలేని ఆగస్టు. ఆ యేడు సాగరు నిండలేదు. నీరు ఆలస్యమైన నాట్లు ఆలస్యము. 1986లో బాపట్లవారు విడుదలచేసిన సాంబమసూరి, దేశమంతయు మెచ్చిన ఆ సన్నబియ్యము, ఇంచుమించు నూటయేబది దినములు చేనిలో నుండవలెను; నాటు వెనుకకు జరిగినకొలది కోత తుపానులవేళకు జరుగును. ఆ 2023లోనే డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటి, కోతకు వచ్చిన వరిని నేలకొరిగించెను. ఆరంభమున నీరు లేదు, అంతమున వలదన్న నీరు. ఈ యిరుకున పడిన పైరుకాలమును కుదించుటకై హైదరాబాదునందలి వరి పరిశోధనా సంస్థవారు సాంబమసూరి జన్యువులోనే చిన్న సవరణచేసి, ఇరువది దినములు ముందుగా కోతకు వచ్చు 'కమల' యను రకమును తయారుచేయగా, 2025 మే నెలలో దానిని ప్రకటించిరి. మంచిపని. అయితే అది తప్పించుకొనుటయే గాని ఓర్చుకొనుట కాదు. ఓర్పు వలసినవారు ఉత్తరప్రదేశమునందలి నగీనా 22 అను పాత మెట్టవరిని వెదకి, దాని పూతకు వేడినోర్చు గుణమును ఇతర రకములలోనికి తెచ్చు యత్నములో నున్నారు. ఇంకొందరు ఒక అడవివరిని కలిపి, ఎండ ముదరకముందే తెల్లవారి పువ్వు విచ్చునట్లు చేయుచున్నారు. ఈ చివరియుక్తి నాకు మిక్కిలి నచ్చినది. ముహూర్తమును మార్చుట మన పురోహితులకు తెలిసిన విద్యయే.

ఆ రాత్రి మాచర్ల లాడ్జి గదిలో, పంకా వేడిగాలిని గదిలోనే త్రిప్పుచుండగా, నా కాగితములలో ఒక లెక్కను మరల చదివితిని. నాలుగు వేర్వేరు మార్గములలో వేసిన అంచనాలను కలిపిచూచి 2017లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన దాని ప్రకారము, భూగోళపు సగటు వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొలది, రైతు వేరే జాగ్రత్తలు తీసికొననిచో, ప్రపంచమున మొక్కజొన్న దిగుబడి నూటికి 7.4 వంతులు, గోధుమ 6, వరి 3.2 వంతులు తరుగును. 2024 మనదేశమున 1901 తరువాత అత్యుష్ణ సంవత్సరము. బొగ్గుపులుసు వాయువు పెరిగిన వరివంటి పైరులకు మేత పెరుగునని కొంద రందురు; పెరుగును, కాని అట్లు పెరిగిన గింజలో మాంసకృత్తులు, జింకు, ఇనుము తగ్గుచున్నవి; కావున అది కొలతకు లాభము, కడుపునకు నష్టము. ఇన్ని అంకెలను చదివినను నా కన్నులయెదుట నిలిచినది వరండాలోని ఆ రెండు పొత్తులే.

తిరుగుప్రయాణమున ఉదయపు రైలు మాచర్లలో ఎక్కి, రెంటచింతల స్టేషనులో దిగి, మధ్యాహ్నపు బస్సువరకు మిత్రపుత్రుని యింట నిలిచితిని. నోటుపుస్తకమున రాత్రివేడికి ఒక గడి గీయుమని చెప్పి, ఉష్ణమాపకమును అతని కిచ్చితిని. అతడు ముచ్చటపడి, పొలములోని మోటారుకొట్టు ఉత్తరపు గోడకు, నీడపట్టున, మేకు కొట్టి దానిని తగిలించెను.

"ఏ టైముకి చూడాలి బాబాయ్?"

తెల్లవారుజామున, ప్రొద్దు పొడువకముందు, వేడి అన్నిటికంటె తక్కువగా నుండు గడియలో చూడవలెనని చెప్పితిని.

అతడు కొంచెముసేపు ఆలోచించి తలగోకికొని, "ఆ ఏళకేగదా బాబాయ్, కాస్త కన్నంటుకునేది" అనెను.